న్యూట్రాన్ నక్షత్రాన్ని తట్టి చూడడం: డోలనాల నుంచి, గురుత్వ తరంగాల నుంచి ద్రవ్యరాశినీ వ్యాసార్ధాన్నీ రాబట్టే సమగ్ర మార్గదర్శి

ఎండలు ముదిరే వేళకు హైదరాబాదు రోడ్ల పక్కన రంజన్లు అమ్మకానికి వరుసగా నిలబడతాయి. కొనేవారు ధర అడగడానికి ముందే వేలి కణుపుతో ఒకసారి తట్టి చూస్తారు. ఆ ఒక్క తట్టులో చెవి రెండు సంగతులు పట్టుకుంటుంది: మోత ఎంత హెచ్చు స్థాయిలో ఉంది, అది ఎంతసేపు నిలిచింది. ఇరవై, ఇరవై అయిదు కిలోమీటర్ల వ్యాసంలో సూర్యుడికి మించిన ద్రవ్యరాశిని కుక్కుకున్న న్యూట్రాన్ నక్షత్రం విషయంలోనూ మనకు కావలసినవి ఈ రెండే: డోలన పౌనఃపున్యం, ఆ డోలనం సద్దుమణిగే కాలం. చిన్న మందపాటి కుండా, పెద్ద పలుచని కుండా ఒకే స్థాయిలో మోగవచ్చు గనుక, స్థాయిని మాత్రమే విని కుండ కొలతలు చెప్పేవారిని నమ్మకూడదు. ఈ వ్యాసంలోని అసలు జాగ్రత్త అంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

నగరంలోని విశ్వవిద్యాలయాలలో ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చదువుతూ, ఒక ల్యాప్‌టాప్, కొంత పైథాన్ పరిచయం ఉన్న విద్యార్థిని దృష్టిలో పెట్టుకొని ఈ మెట్లు రాస్తున్నాను. మొదలు పెట్టేముందే ఒక నిజం ఒప్పుకోవాలి. న్యూట్రాన్ నక్షత్రపు స్వంత డోలనం ఏదీ ఇంతవరకు గురుత్వ తరంగాలలో, అంటే స్థలకాలంలో సాగే అలలలో, నేరుగా చిక్కలేదు. చేతిలో ఉన్నవి రెండే: జంట నక్షత్రాలు కలిసిపోయే ముందు ఒకదానినొకటి సాగదీసిన ఆనవాళ్ళు, మాగ్నెటార్ల (అతి బలమైన అయస్కాంత క్షేత్రం ఉన్న న్యూట్రాన్ నక్షత్రాల) ఎక్స్-కిరణ విస్ఫోటాలలో కనిపించిన కంపనాలు. కాబట్టి కింది మెట్లలో కొన్నింటిని కృత్రిమ సంకేతాల మీద, కొన్నింటిని అసలు దత్తాంశం మీద చేయవలసి ఉంటుంది.

మొదటి మెట్టు: ఏ మోత కోసం వెతుకుతున్నామో తేల్చుకోవడం

నక్షత్రం అనేక విధాలుగా ఊగుతుంది; ఒక్కొక్క ఊగే తీరును మోడ్ అంటారు. పీడనం వల్ల పుట్టే పి-మోడ్‌లు ఎక్కువగా 5 కిలోహెర్ట్జ్‌ను దాటి ఉంటాయి. లోపలి పొరల సంఘటనంలోని తేడాల వల్ల, తేలుడు బలం వల్ల పుట్టే జి-మోడ్‌లు కొన్ని వందల హెర్ట్జ్‌లు, అంతకంటే తక్కువ స్థాయిలో ఉంటాయి. భ్రమణం వల్ల పుట్టే ఆర్-మోడ్, స్థలకాలమే ఊగే డబ్ల్యూ-మోడ్, పైపెంకు మెలితిరిగే డోలనం కూడా ఉన్నాయి. ఇన్నిటిలో మొదట పట్టుకోవలసింది ఎఫ్-మోడ్. లోపల ఎక్కడా నిశ్చల బిందువు లేకుండా నక్షత్రమంతా కలిసి బంతిని రెండు వైపులా నొక్కినట్టు ఊగడమే ఈ డోలనం. ద్రవ్యరాశి మొత్తంగా కదులుతుంది గనుక గురుత్వ తరంగాలను బలంగా వెలువరించేది కూడా ఇదే.

రెండో మెట్టు: కంప్యూటరు తెరవక ముందు కాగితం మీద లెక్క

1.4 సౌర ద్రవ్యరాశులు, 12 కిలోమీటర్ల వ్యాసార్ధం ఉన్న నక్షత్రాన్ని తీసుకోండి. దాని సగటు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 3.85 × 10¹⁴ గ్రాములు, అంటే పరమాణు కేంద్రకపు సాంద్రత కంటే ఎక్కువ. నొక్కుడుపడని ద్రవపు గోళం ఊగితే కోణీయ పౌనఃపున్యపు వర్గం, గురుత్వ స్థిరాంకాన్ని ద్రవ్యరాశితో గుణించి వ్యాసార్ధపు ఘనంతో భాగించిన విలువలో అయిదింట నాలుగు వంతులు ఉంటుందని కెల్విన్ న్యూటన్ గురుత్వం ఆధారంగా చూపించారు. ఆ సూత్రంలో పై విలువలు వేస్తే 1,476 హెర్ట్జ్ వస్తుంది. ఐన్‌స్టీన్ గురుత్వాన్ని, వాస్తవమైన సాంద్రతా విన్యాసాన్ని లెక్కలోకి తీసుకున్నప్పుడు వచ్చేది 2,000 హెర్ట్జ్‌కు దగ్గరగా ఉంటుంది. తర్వాత రాయబోయే ప్రోగ్రాం 200 హెర్ట్జ్ అనో 20,000 హెర్ట్జ్ అనో చూపిస్తే తప్పు ప్రమాణాలలో ఉందని వెంటనే తెలియడానికి ఈ కాగితపు లెక్క చాలు.

మూడో మెట్టు: నమూనా నక్షత్రాలను కట్టడం

టోల్మన్, ఓపెన్‌హైమర్, వోల్కాఫ్‌ల పేర్ల మీద 1939 నుంచి వాడుకలో ఉన్న సమతుల్యతా సమీకరణాలను కేంద్రం నుంచి బయటికి సమాకలనం చేయాలి. వీటికి అవసరమైన ఒకే ఒక్క భౌతిక సమాచారం స్థితి సమీకరణం, అంటే ఏ సాంద్రత దగ్గర ఎంత పీడనం ఉంటుందో చెప్పే పట్టిక. కాంపోజ్ అనే బహిరంగ దత్తాంశ నిధిలో ఇలాంటి పట్టికలు అనేకం దొరుకుతాయి. మెత్తనివి (సాంద్రతతో పీడనం నెమ్మదిగా పెరిగేవి), గట్టివి (వేగంగా పెరిగేవి) కలిసి వచ్చేట్టు కనీసం అయిదారు ఎంచుకోండి. ఎస్ఎల్‌వై4, ఏపీఆర్ వంటివి 1.4 సౌర ద్రవ్యరాశుల దగ్గర 11 నుంచి 12 కిలోమీటర్ల వ్యాసార్ధాన్ని ఇస్తాయి. ఎంఎస్1 వంటి గట్టి సమీకరణం 15 కిలోమీటర్లకు దగ్గరగా తీసుకెళుతుంది.

ఒక్కొక్క కేంద్ర సాంద్రతకు ఒక్కొక్క నక్షత్రం వస్తుంది. పీడనం సున్నా అయిన చోట ఉపరితలం. ద్రవ్యరాశిని కిలోమీటర్లలో కొలవడం అలవాటు చేసుకుంటే (ఒక సౌర ద్రవ్యరాశి 1.4766 కిలోమీటర్లు) ప్రమాణాల గందరగోళం సగం తీరిపోతుంది. ఇక్కడ మూడు పరీక్షలు చేయాలి. మొదటిది, గరిష్ఠ ద్రవ్యరాశి రెండు సౌర ద్రవ్యరాశులను దాటాలి. పీఎస్ఆర్ జె0740+6620 అనే పల్సార్ (తిరుగుతూ క్రమంగా స్పందనలు పంపే న్యూట్రాన్ నక్షత్రం) ద్రవ్యరాశి 2.08 గా, 0.07 అనిశ్చితితో కొలవబడింది గనుక, దాన్ని మోయలేని స్థితి సమీకరణాన్ని పక్కన పెట్టవలసిందే. రెండోది, గరిష్ఠ ద్రవ్యరాశి దగ్గర నక్షత్రం ఉబ్బి తగ్గే మూల డోలనపు పౌనఃపున్యం సున్నాకు రావాలి. మూడోది చాలామంది వదిలేసేది: పైపెంకు పట్టికను లోపలి ద్రవపు పట్టికతో సరిగా అతికించారా? ఆ అతుకు దగ్గర పీడనమూ సాంద్రతా పొందికగా లేకపోతే ద్రవ్యరాశి ఏమీ మారదు గాని, వ్యాసార్ధం కొన్ని వందల మీటర్లు తప్పిపోతుంది. మనం వెతుకుతున్న తేడాలే ఆ పరిమాణంలో ఉంటాయి.

నాలుగో మెట్టు: డోలనాలను లెక్కించడం

థోర్న్, కాంపొలటారో 1967లో మొదలుపెట్టిన, లిండ్‌బ్లమ్, డెట్‌వైలర్ 1983లో గణనకు అనువుగా తీర్చిన పూర్తి సాపేక్ష సమీకరణాలు ఒక మార్గం. కౌలింగ్ ఉజ్జాయింపు, అంటే ద్రవం ఊగుతున్నా స్థలకాలం కదలదని అనుకోవడం, రెండో మార్గం. కౌలింగ్ పద్ధతి ఒక సాయంత్రంలో రాయగలిగినంత తేలిక. దాని తేలికకు చెల్లించే మూల్యం ఎఫ్-మోడ్ పౌనఃపున్యంలో 10 నుంచి 30 శాతం దాకా పొరపాటు. అంతకు మించిన చిక్కు మరొకటి ఉంది: స్థలకాలం కదలకపోతే తరంగాలు వెలువడవు, అందువల్ల సద్దుమణిగే కాలం ఆ లెక్కలో అసలు రాదు. నేర్చుకోవడానికి కౌలింగ్ పద్ధతి చాలు. వ్యాసార్ధం అంచనాకు మాత్రం పూర్తి సమీకరణాలే వాడాలని నా అభిప్రాయం. 30 శాతం తప్పు ఉన్న కొలబద్దతో 5 శాతం తేడాలను కొలవలేము.

అయిదో మెట్టు: తిరగేసి చదవడం

ఇంతవరకు చేసింది నక్షత్రం నుంచి మోతకు రావడం. అసలు పని మోత నుంచి నక్షత్రానికి వెళ్ళడం. నిల్స్ ఆండర్సన్, కోస్తాస్ కొక్కోటాస్ 1998లో అనేక స్థితి సమీకరణాలకు సరిపోయేట్టు ఇచ్చిన సూత్రాలతో మొదలుపెట్టడం మంచిది. ద్రవ్యరాశిని 1.4 సౌర ద్రవ్యరాశులతో భాగించగా వచ్చినది ‘ద’ అనీ, వ్యాసార్ధాన్ని 10 కిలోమీటర్లతో భాగించగా వచ్చినది ‘వ’ అనీ అనుకుందాం.

పౌనఃపున్యం (కిలోహెర్ట్జ్‌లలో) = 0.78 + 1.635 × √(ద ÷ వ³)

1 ÷ సద్దుమణిగే కాలం (సెకన్లలో) = (ద³ ÷ వ⁴) × [22.85 − 14.65 × (ద ÷ వ)]

మొదటి సూత్రం సగటు సాంద్రతను వింటుంది. రెండోది ద్రవ్యరాశికి, వ్యాసార్ధానికి మధ్య ఉన్న మరో సంబంధాన్ని వింటుంది. ఇప్పుడు 2.02 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక సంకేతం దొరికిందని ఊహించుకోండి. మొదటి సూత్రాన్ని తిరగేస్తే ద ÷ వ³ విలువ 0.575 అని తేలుతుంది. అంతే, అక్కడితో ఆగిపోతుంది. 1.2 సౌర ద్రవ్యరాశులు, 11.4 కిలోమీటర్లు ఉన్న నక్షత్రమూ, 1.4 ద్రవ్యరాశులు, 12.0 కిలోమీటర్లు ఉన్నదీ, 2.0 ద్రవ్యరాశులు, 13.5 కిలోమీటర్లు ఉన్నదీ, మూడూ ఒకే స్థాయిలో మోగుతాయి. మనకు చిక్కింది బిందువు కాదు, వక్రరేఖ. రంజన్ దగ్గర అనుకున్నది ఇదే.

రెండో సూత్రాన్ని ఆ మూడింటికీ వర్తింపజేయండి. సద్దుమణిగే కాలాలు వరుసగా 0.228, 0.195, 0.156 సెకన్లు వస్తాయి. అంటే మోత ఎంతసేపు నిలిచిందో కొలిస్తే వక్రరేఖ మీద ఎక్కడ ఉన్నామో తెలుస్తుంది. పాఠ్యపుస్తకం ఇక్కడ ముగించేస్తుంది. దత్తాంశం మాత్రం ఇంత ఉదారంగా ఉండదు. సంకేతానికీ రొదకూ నిష్పత్తి 10 ఉన్నప్పుడు, 2 కిలోహెర్ట్జ్ మోతకు పౌనఃపున్యాన్ని ఒక హెర్ట్జ్ లోపు అనిశ్చితితో చెప్పవచ్చు. క్షీణించే డోలనంలో సద్దుమణిగే కాలపు సాపేక్ష అనిశ్చితి మాత్రం సుమారుగా 2ను ఆ నిష్పత్తితో భాగించినంత, అంటే 20 శాతం. పై మూడు కాలాల మధ్య ఉన్న తేడా కూడా ఇంచుమించు అంతే. కాబట్టి నిష్పత్తి 10 దగ్గర మూడు నక్షత్రాలను వేరు చేయలేము; 30, 40 దాకా ఉంటేనే ఈ మార్గం పనికొస్తుంది. లేదా ద్రవ్యరాశి వేరే దారిలో, ఉదాహరణకు జంటగా తిరిగే పల్సార్ కక్ష్య నుంచి, ముందే తెలిసి ఉండాలి.

ద్రవ్యరాశి తెలిసిందనుకున్నా మరో దోషం ఎదురవుతుంది. పై సూత్రాలు ప్రకృతి నియమాలు కావు, అనేక నమూనాల గుండా గీసిన సగటు గీతలు. బెన్హార్, ఫెరారీ, గువాల్టియేరీ 2004లో కొత్త స్థితి సమీకరణాలతో ఇదే సంబంధాన్ని మళ్ళీ కట్టినప్పుడు, మొదటి స్థిరాంకం 0.79 కిలోహెర్ట్జ్, దాని చెదురు, అంటే నమూనాల మధ్య హెచ్చుతగ్గు, 0.09 అని వచ్చింది. వ్యాసార్ధపు సాపేక్ష దోషం, పౌనఃపున్యపు దోషాన్ని ఆ పౌనఃపున్యం 0.78ని మించిన భాగంతో భాగించి, మూడింట రెండు వంతులు తీసుకున్నంత ఉంటుంది. మన ఉదాహరణలో 0.09ని 1.24తో భాగించి మూడింట రెండు వంతులు తీసుకుంటే దాదాపు 5 శాతం, అంటే 600 మీటర్లు. డిటెక్టర్ ఒక హెర్ట్జ్ లోపు కొలిచినా, సూత్రం 90 హెర్ట్జ్‌ల మేర ఊగిసలాడుతుంది. తుది అనిశ్చితిలో ఈ చెదురును కలపకుండా వ్యాసార్ధాన్ని రెండు దశాంశ స్థానాల దాకా ప్రకటించడం నిజాయితీ అనిపించుకోదు.

చెదురును తగ్గించే మార్గం ఒకటి ఉంది. సగటు సాంద్రతకు బదులు, పౌనఃపున్యాన్ని ద్రవ్యరాశితో గుణించి వచ్చే ప్రమాణరహిత సంఖ్యను ఆటుపోటు విరూపణ గుణకంతో (పక్క నక్షత్రపు గురుత్వానికి నక్షత్రం ఎంత సాగుతుందో చెప్పే సంఖ్య, ఏడో మెట్టులోని లాంబ్డా) పోల్చినప్పుడు, స్థితి సమీకరణాలన్నీ దాదాపు ఒకే గీత మీద, సుమారు 1 శాతం తేడాతో వచ్చి కూర్చుంటాయి. 2013లో యాగి, యూనెస్ జడత్వ భ్రామకానికీ ఆ గుణకానికీ మధ్య చూపిన సార్వత్రిక సంబంధం కూడా ఈ కోవలోదే. విద్యార్థులు తరచు తడబడేది ఇక్కడే. స్థితి సమీకరణం మీద ఆధారపడని సంబంధం నక్షత్రాన్ని కొలవడానికి పనికొస్తుంది గాని, ఏ స్థితి సమీకరణం నిజమో చెప్పడానికి పనికిరాదు. అన్నీ ఒకే గీత మీద ఉన్నాయి మరి. ముందు సార్వత్రిక సంబంధాలతో ద్రవ్యరాశినీ వ్యాసార్ధాన్నీ రాబట్టాలి. ఆ తర్వాతే ఆ బిందువును మూడో మెట్టులో కట్టిన ద్రవ్యరాశి, వ్యాసార్ధాల వక్రాల మీద ఉంచి, ఏది దాని గుండా పోతుందో చూడాలి. ఈ రెండు పనులనూ ఒకే అడుగులో చేయబోయిన లెక్కలు తమ ఊహనే తాము ధ్రువీకరించుకుంటాయి.

ఆరో మెట్టు: అసలు దత్తాంశం దించుకొనేటప్పుడు

అమెరికాలోని లైగో, ఇటలీలోని విర్గో అనే గురుత్వ తరంగ డిటెక్టర్ల దత్తాంశం గురుత్వ తరంగాల బహిరంగ విజ్ఞాన కేంద్రపు వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. ఒక్కొక్క ఘటనకు సెకనుకు 4,096 నమూనాల ఫైలూ, 16,384 నమూనాల ఫైలూ ఉంటాయి. చిన్నది తొందరగా దిగుతుందని నేను మొదటిసారి దాన్నే తీసుకొని, 2.2 కిలోహెర్ట్జ్ దగ్గర ఏమీ లేదని ఒక వారం పాటు తేల్చుకుంటూ కూర్చున్నాను. 4,096 నమూనాలతో 2,048 హెర్ట్జ్ దాటిన పౌనఃపున్యం ఏదీ కనిపించదు గదా! ఎఫ్-మోడ్ వెతికేవారు పెద్ద ఫైలునే దించుకోవాలి.

రెండో వల, గీతలు, అంటే డిటెక్టర్‌లోనే పుట్టి స్థిరమైన పౌనఃపున్యాల దగ్గర కనబడే మోతలు. లైగో అద్దాలను వేలాడదీసే సన్నని తీగలు వీణ తీగల్లాగే 500 హెర్ట్జ్ ప్రాంతంలోనూ, దాని గుణిజాల దగ్గర, అంటే 1,000, 1,500, 2,000 హెర్ట్జ్ చుట్టుపక్కలా మోగుతుంటాయి. 2 కిలోహెర్ట్జ్ దగ్గర సన్నని శిఖరం కనబడగానే సంబరపడకుండా, అది ఘటనకు ముందు గంటలో కూడా ఉందేమో చూడాలి. మన ఇంటి ట్రాన్స్‌ఫార్మర్ గొణిగే 50 హెర్ట్జ్ విద్యుత్తుకు బదులు అమెరికాలో 60 హెర్ట్జ్ ఉంటుంది గనుక, అక్కడి డిటెక్టర్లలో ఆ గీత 60 దగ్గర, ఇటలీలోని విర్గోలో 50 దగ్గర కనిపిస్తుంది.

ఏడో మెట్టు: 2017 ఆగస్టు 17 నాటి సంకేతంతో అభ్యాసం

జీడబ్ల్యూ170817 ఇప్పటికీ అందరికంటే మంచి గురువు. సుమారు 40 మెగాపార్సెక్‌ల దూరంలో, ఎన్‌జీసీ 4993 నక్షత్రవీధిలో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు కలిసిపోయాయి, 1.7 సెకన్ల తర్వాత గామా కిరణాల మెరుపు వచ్చింది. కలయికకు దాదాపు ఒక సెకను ముందు లైగో లివింగ్‌స్టన్ డిటెక్టర్‌లో పెద్ద అవాంతర రొద ఒకటి పడింది; దాన్ని తొలగించిన ఫైలు విడిగా దొరుకుతుంది, అదే వాడాలి.

ముందుగా పౌనఃపున్యం ఎంత వేగంగా పెరిగిందో చూడాలి. ఆ వేగాన్ని నిర్ణయించేది రెండు ద్రవ్యరాశుల ప్రత్యేక మిశ్రమం, చర్ప్ ద్రవ్యరాశి. ఈ జంటకు అది 1.186 సౌర ద్రవ్యరాశులు. ఆ విలువతో లెక్క వేస్తే 24 హెర్ట్జ్ నుంచి కలయికకు దాదాపు 100 సెకన్లు, 100 హెర్ట్జ్ నుంచి 2.3 సెకన్లు మిగులుతాయి. మీ ప్రోగ్రాం ఈ రెండు సంఖ్యలనూ ఇవ్వాలి. విశ్వవ్యాకోచం వల్ల డిటెక్టర్‌లో నేరుగా కనబడేది 1.186 కాదు, సుమారు 1.198 అని గుర్తుంచుకోవాలి. విడివిడి ద్రవ్యరాశులు మాత్రం ఇంత సూటిగా తెలియవు. భ్రమణం తక్కువని అనుకుంటే పెద్దది 1.36 నుంచి 1.60 మధ్య, చిన్నది 1.17 నుంచి 1.36 మధ్య ఉంటాయని మొదటి ప్రకటనలో వచ్చింది.

తర్వాతిది ఆటుపోటు. చివరి క్షణాలలో ఒకదాని గురుత్వం మరొకదాన్ని సాగదీస్తుంది. సాగే నక్షత్రాల జంట సాగని జంట కంటే త్వరగా కలిసిపోతుంది. ఆ సాగుడును తెలిపే లాంబ్డా గుణకం, వ్యాసార్ధాన్ని ద్రవ్యరాశితో (రెండూ కిలోమీటర్లలో) భాగించి అయిదో ఘాతానికి పెంచి, లవ్ సంఖ్య అనే చిన్న సంఖ్యతో, ఆపై మూడింట రెండుతో గుణించినది. మన 1.4 ద్రవ్యరాశి, 12 కిలోమీటర్ల నక్షత్రానికి లవ్ సంఖ్య 0.08 నుంచి 0.1 అనుకుంటే లాంబ్డా 350, 440 మధ్య వస్తుంది. అయిదో ఘాతం ఇక్కడ మనకు మేలే చేస్తుంది: లాంబ్డాలో 50 శాతం అనిశ్చితి ఉన్నా వ్యాసార్ధంలో సుమారు 10 శాతమే ఉంటుంది. 2018లో లైగో, విర్గో బృందం 1.4 సౌర ద్రవ్యరాశుల నక్షత్రానికి లాంబ్డా 70 నుంచి 580 మధ్య, రెండు నక్షత్రాల వ్యాసార్ధాలు 11.9 కిలోమీటర్లు, హెచ్చుతగ్గులు 1.4 కిలోమీటర్లు అని తేల్చింది. ఎంఎస్1 వంటి గట్టి సమీకరణాలు అంతటితో వెనకబడ్డాయి.

కలయిక తర్వాత మిగిలిన వేడి ముద్ద 2 నుంచి 4 కిలోహెర్ట్జ్‌ల మధ్య మోగాలని అనుకరణలు చెబుతాయి. ఆ మోత స్థాయికీ, 1.6 సౌర ద్రవ్యరాశుల నక్షత్రపు వ్యాసార్ధానికీ గట్టి సంబంధం ఉందని బాస్వైన్, యాంకా 2012లో చూపించారు. 2017 సంకేతంలో ఆ మోత దొరకలేదు. అంత హెచ్చు పౌనఃపున్యం దగ్గర లేజరు కాంతి కణాల రొదే డిటెక్టర్‌ను ముంచేస్తుంది.

ఎనిమిదో మెట్టు: పెంకు మోత, క్లుప్తంగా

2004 డిసెంబరు 27న ఎస్‌జీఆర్ 1806-20 అనే మాగ్నెటార్ మహా విస్ఫోటం తర్వాతి ఎక్స్-కిరణాలలో 18, 26, 30, 92, 150, 625, 1,840 హెర్ట్జ్ వంటి కంపనాలు కనిపించాయి. 30 దగ్గరిదాన్ని పైపెంకు మెలితిరిగే డోలనంగా తీసుకుంటే పెంకు గట్టితనం, వ్యాసార్ధం కలిసిన ఒక అంచనా వస్తుంది. అయితే బలమైన అయస్కాంత క్షేత్రం పెంకును లోపలి ద్రవానికి ముడివేస్తుంది గనుక, ఏ గీత పెంకుది, ఏది లోపలి ద్రవానిది అనే వాదం ఉంది. కొత్తవారు దీన్ని వ్యాసార్ధం కొలవడానికి కాకుండా, ఇతర మార్గాల ఫలితంతో పొంతన చూడడానికి మాత్రమే వాడితే మంచిది.

తొమ్మిదో మెట్టు: కలిపి తూచడం, పరీక్షించడం

విడివిడి ఫలితాలను బేయస్ పద్ధతిలో కలపాలి. బిల్బీ వంటి పైథాన్ గ్రంథాలయాలు ఇందుకు చాలు. గురుత్వ తరంగాలకు తోడుగా నైసర్ ఎక్స్-కిరణ దుర్బిణి కొలతలనూ చేర్చవచ్చు. పీఎస్ఆర్ జె0030+0451 వ్యాసార్ధం 2019లో రెండు బృందాల లెక్కల్లో 12.71, 13.02 కిలోమీటర్లుగా వచ్చింది. ముందస్తు సంభావ్యతను (దత్తాంశం చూడక ముందు ఏ విలువకు ఎంత అవకాశం ఇచ్చామన్నదాన్ని) వ్యాసార్ధం మీద సమానంగా పరిచారా, స్థితి సమీకరణపు గుణకాల మీద సమానంగా పరిచారా అన్నది తప్పక రాసిపెట్టండి. దత్తాంశం బలహీనంగా ఉన్నచోట ఫలితాన్ని నడిపించేది అదే.

మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో, ఒకప్పుడు నిజాం రాజ్యంలోనే ఉన్న ఆ నేల మీద, కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో ఆమోదించిన లైగో-ఇండియా వచ్చాక ఆకాశంలో సంకేతం ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తించడం బాగా మెరుగుపడుతుంది. కిలోహెర్ట్జ్ మోతలకు మాత్రం ఐన్‌స్టీన్ టెలిస్కోపు, కాస్మిక్ ఎక్స్‌ప్లోరర్ వంటి తర్వాతి తరం ప్రతిపాదనల అవసరం ఎక్కువ.

అవి వచ్చేలోగా చేయవలసిన పరీక్ష ఇది. ద్రవ్యరాశి, వ్యాసార్ధం మీకు ముందే తెలిసిన 100 కృత్రిమ నక్షత్రాల సంకేతాలను అసలు రొదలో కలిపి, మీ ప్రోగ్రాంకు విలువలు చెప్పకుండా ఇవ్వండి. ప్రతిసారీ 90 శాతం విశ్వాసంతో అది ఇచ్చే వ్యాసార్ధపు పరిధిలో అసలు విలువ ఉందో లేదో గుర్తు పెట్టుకోండి. సుమారు 90 సార్లు ఉంటే లెక్క సరిగా నడుస్తోంది. 99 సార్లు ఉంటే అనిశ్చితిని అనవసరంగా పెంచారు. 60 సార్లే ఉంటే, దాదాపు ఎప్పుడూ, అయిదో మెట్టులోని 90 హెర్ట్జ్ చెదురును కలపడం మరిచిపోయి ఉంటారు.